మూడో ఆట

కిటికీ వైపు బల్లకి ఒక కాలు పొట్టిది. ఉస్మాన్ మోకాళ్ళ మీద కూర్చుని, అట్టముక్క మడిచి ఆ కాలి కింద దోపి, లేచి బల్ల మధ్యలో బంతి పెట్టి చూశాడు. బంతి నింపాదిగా గోడవైపు దొర్లింది. మళ్ళీ వంగి ఇంకో మడత వేశాడు. ఈసారి బంతి పెట్టినచోటే నిలబడింది. రెండో బల్లకి నెట్టు బిగించి, స్కేలుతో ఎత్తు చూసి, బల్లలు రెండూ తడిగుడ్డతో తుడిచాడు. ఫ్యాన్లన్నీ ఆపేసి, ఎవరూ వేయకుండా స్విచ్చుల మీద కాగితం అంటించాడు. గాలి తగిలితే ఆ తేలికపాటి టేబుల్ టెన్నిసు బంతి చెప్పినట్టు వినదు. అందుకని పోటీలు జరిగే రోజున ఆ రేకుల హాల్లో పిల్లలకి చెమట, పెద్దలకి విసుగు.

చోడవరంలోని ఆ ప్రైవేటు హైస్కూలుకి అతను డ్రిల్లు మేష్టారు. సన్నటి మనిషి. భుజాలు కాస్త ముందుకి వంగి ఉంటాయి. నెరిసిన గడ్డం పొట్టిగా కత్తిరించుకుంటాడు. ఎదురుగా ఎవరూ రాకపోయినా వరండాలో ఒక పక్కకి తప్పుకునే నడుస్తాడు. అనకాపల్లి నుంచి పొద్దున్న బస్సులో వచ్చి సాయంత్రం బస్సులో పోతాడు. కిందటేడు స్టాఫు ఫోటోలో ఉస్మాన్ మేష్టారు ఉన్నారా అని అడిగితే, పక్కన నిలబడ్డవాళ్ళు కూడా కొంచెం ఆలోచించే చెబుతారు.

"అంతా రెడీయేనా మేష్టారూ?" అంటూ స్కూలు కరస్పాండెంటు గౌరీశంకర్ గుమ్మంలోకి వచ్చాడు. ఆదివారమైనా ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు ఫోన్లు. హాలంతా కళ్ళతోనే కొలిచాడు. "ఇటు ముప్పై బెంచీలు పడతాయి కదా?"

ఉస్మాన్ చేతిలో తడిగుడ్డ ఆగిపోయింది.

"పేరెంట్సు అడుగుతన్నారు మేష్టారూ. ఇంత హాలు రెండు బల్లలకిచ్చీసి, ఐఐటీ కోచింగుకి రూము లేదంటారేటి అని. ఈసారి కప్పొస్తే ఆళ్ళ మొహాన చూపించీడానికుంటాది. రాకపోతే మరి నా చేతిలో ఏటీ లేదు."

"మరి నేను సార్?"

"హాలుంటే మీరుంటారు," అని గౌరీశంకర్ నవ్వాడు. "అయినా కప్పెక్కడికి పోతాది? ఈ ఏడు అన్నం మనమే పెడతన్నాం కదా!"

ఉస్మాన్ కూడా నవ్వాలి కాబట్టి నవ్వాడు. ఇంట్లో జహీరున్నీసాకి మోకాళ్ళు పట్టేసి, కుట్టు మెషిను మీద దుప్పటి కప్పేసి ఏడాది దాటింది. ఈ వయసులో ఇంకో స్కూలు గుమ్మం ఎక్కితే, డ్రిల్లు నేర్పడానికి వచ్చావా నేర్చుకోవడానికి వచ్చావా అని అడుగుతారు. ఈ ఉద్యోగం నిలవాలి. నిలవాలంటే హాలు ఉండాలి. హాలు ఉండాలంటే కప్పు రావాలి.

లీగు సంగతి చెప్పాలి. నాలుగు స్కూళ్ళ ఆడపిల్లల జట్లు: చోడవరం, గోవాడ, బుచ్చయ్యపేట, మాడుగుల. ప్రతి జట్టూ మిగతా మూడింటితోనూ ఆడుతుంది. ఎక్కువ పోటీలు గెలిచిన జట్టుకి కప్పు, ఆపైన విశాఖలో ఆడే అవకాశం. జట్టుకి ముగ్గురు. మొదటి పిల్ల అవతలి మొదటి పిల్లతో, రెండో పిల్ల రెండో పిల్లతో, మూడో పిల్ల మూడో పిల్లతో ఆడతారు. ఆ తర్వాత మొదటి ఇద్దరూ తారుమారుగా తలపడతారు. అయిదు ఆటల్లో మూడు గెలిచినవాళ్ళదే పోటీ. అంటే మూడో పిల్లకి వచ్చేది ఒక్క ఆటే. అందుకని ప్రతి మేష్టారూ మంచి ఆటగత్తెల్ని ఇద్దర్ని తయారుచేసుకుని, మూడో పేరుగా ఖాళీగా కనిపించిన పిల్లని రాసుకొస్తాడు. ఆటలో అరటిపండు.

ఆ అరటిపండు కోసం అంతసేపు ఎందుకని ఒక వాన ఏడు, బస్సులు ఆలస్యమై, మూడో ఆటలన్నీ ఆడించకుండా బొమ్మా బొరుసూ వేసి తేల్చేశారు. అది అందరికీ సుఖంగా తోచింది. మరుసటేడు ఇంకో మాట కలిసింది. పొద్దుటి నుంచీ పొయ్యి ముందు నిలబడి అందరికీ పులిహోర, పెరుగన్నం పెట్టే స్కూలుతో బొమ్మా బొరుసూ ఏమిటి, మర్యాదగా మూడో ఆట వాళ్ళకే వదిలేద్దాం అన్నారు. లీగు ఏటా ఒక ఊళ్ళో జరుగుతుంది కాబట్టి, ఇవాళ ఇచ్చింది రేపు వస్తుంది, ఎవరికీ నష్టం లేదు. అది ఏ రూలు పుస్తకంలోనూ లేదు గానీ, రూలు కంటే గట్టిగా నిలబడింది. ఏ ఊళ్ళో జరిగినా రిఫరీ ఉస్మానే, ఆ సర్టిఫికెట్టు చుట్టుపక్కల అతనొక్కడికే ఉంది. నలుగురూ సరే అన్నారు, అతనూ సరే అన్నాడు. కాదనడం అతనికి చిన్నప్పటి నుంచీ చేతకాదు.

ఈ ఏడు పులిహోర చోడవరానిది.

మాడుగుల జట్టు బస్సు చెరకు ట్రాక్టర్ల వెనక చిక్కుకుని ఆలస్యంగా వచ్చింది. వాళ్ళ మేష్టారు ప్రేమ్‌కుమార్ చేతిలో హల్వా పొట్లంతో, వెనక ముగ్గురు పిల్లలతో పరుగెత్తుకొచ్చి, "బస్సు కదల్నేదండీ, కదల్నేదు," అని అందరికీ వేరువేరుగా చెప్పుకున్నాడు. ఉస్మాన్ నాలుగు చీటీలు స్టీలు గ్లాసులో వేసి కలిపాడు. ఒకటో నంబరు వచ్చిన జట్టుని కదపకుండా ఉంచి, మిగతా మూడింటినీ దాని చుట్టూ తిప్పి, ఎవరు ఎవరితో ఎప్పుడో పలక మీద రాశాడు. చోడవరం, మాడుగుల చివరి విడతలో ఎదురుపడ్డాయి.

మొదటి విడతలో చోడవరం గోవాడ మీద చులాగ్గా గెలిచింది. మొదటి పిల్ల ఝాన్సీ, రెండో పిల్ల చిన్నారి తమ ఆటలు గెలిచారు. మూడోది మర్యాద కింద వచ్చింది. రెండో విడతలో బుచ్చయ్యపేట గట్టిగా నిలబడింది. చిన్నారి ఓడిపోయింది. ఝాన్సీ ఒక్కతే రెండు ఆటలు గెలిచింది. మర్యాద ఆట కలిసి పోటీ దక్కింది. బుచ్చయ్యపేట మేష్టారు బంగార్రాజు చేతులు కడుక్కుంటూ, "మీ ఝాన్సీ కన్నా మీ పులిహోరే బలే ఆడతాది మేష్టారూ," అన్నాడు. అందరూ నవ్వారు. అది ఎత్తిపొడుపు కాదు. పై ఏడు ఆతిథ్యం అతనిదే.

చోడవరం జట్టులో మూడో పిల్ల ఇఖ్రా. తొమ్మిదో తరగతి, పొట్టి పిల్ల, జడలు బిగించి కట్టుకుంది. పలక మీద ఆమె పేరు పక్కన రెండుసార్లు గెలుపు గుర్తు పడింది. రెండు ఆటలు గెలిచిన ఇఖ్రా అప్పటిదాకా బంతి ముట్టుకోలేదు.

అన్నాలప్పుడు ఆ పిల్ల ఉస్మాన్ దగ్గరికి వచ్చి, పళ్ళెంలో పులిహోరని వేలితో అటూ ఇటూ తోస్తూ నిలబడింది. "మేష్టారూ, ఇంటికి ఫోన్ చేసి గెలిచేనని సెప్పొచ్చా?"

"నీ ఇష్టమమ్మా," అని ఉస్మాన్ ఫోను ఇవ్వబోయాడు. ఆమె కాసేపు దానికేసి చూసి, తీసుకోకుండానే వెళ్ళిపోయింది.

ఉస్మాన్ స్టోరు గదిలో మధ్యాహ్నపు జొహర్ నమాజు ముగించుకుని వెనకవైపు వచ్చేసరికి, గోడకి బంతి తగులుతున్న చప్పుడు వినబడింది. మాడుగుల జట్టులో మూడో పిల్ల చిన్నతల్లి. మిగతావాళ్ళు తింటుంటే ఒక్కతే గోడకి కొట్టుకుంటోంది. రబ్బరు అంచులు లేచిపోయిన బ్యాటు. బంతి గోడ మీద ఒకేచోట తగిలి వస్తోంది, మళ్ళీ అక్కడికే పోతోంది. తొందర లేదు, తడబాటు లేదు. ఉస్మాన్ చూస్తూ నిలబడ్డాడు. ఈ పిల్ల ఆడితే ఇఖ్రా నెగ్గడం కష్టమని అతనికి అప్పుడే తెలిసిపోయింది.

అతన్ని చూసి ఆమె బంతి పట్టుకుంది. "మేష్టారూ, నానెప్పుడాడతాను?"

"నెక్స్టు మీది చోడవరం మీద."

"అది మీకిచ్చీసేరంట కదా. మా మేష్టారు సెప్పేరు. పొద్దున్న రెండూ బొమ్మా బొరుసూ ఏసీసేరు." చిన్నతల్లి బ్యాటు మీద లేచిన రబ్బరుని బొటనవేలితో అదుముతోంది. "మా అమ్మ నన్ను సెరుకు పనికి రావొద్దని ఆటకంపింది. ఇంటికెళ్తే, ఎంత మీద గెలిచేవే, ఎంత మీద ఓడిపోయేవే అని అడుగుతాది. ఏటి సెప్పాల?"

ఉస్మాన్ "తిన్నావా?" అని అడిగాడు. తిన్నానంది. అతను అక్కడి నుంచి వచ్చేశాడు.

అతనికి సిగ్గేసింది. పిల్ల అడిగింది చిన్న మాటే, కానీ అది నేరుగా ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. అనకాపల్లి క్లబ్బు జట్టులో పడుచు వయసంతా అతను మూడో ఆటగాడే. మొదటి ఇద్దరూ తాలూకాఫీసులో గుమాస్తాలు, వాళ్ళకి రెండేసి ఆటలు. ఉస్మాన్‌ది మధ్యలో ఒక్కటి. ఎక్కువసార్లు గెలిచాడు కూడా. పేపర్లో ఆ ఇద్దరి పేర్లూ వేసి, తర్వాత "తదితరులు" అని వేసేవారు. ఆ తదితరుల్లో తనున్నానని ఉస్మాన్ ఇంటిల్లిపాదికీ చూపించేవాడు. ఇంట్లోనూ ముగ్గురన్నదమ్ముల్లో మూడోవాడే. అందరూ పల్లకీ ఎక్కితే మోసేవాళ్ళెవరు అని వాళ్ళ నాన్న అనేవాడు. ఉస్మాన్ మోశాడు. అయితే ఆ క్లబ్బులో అతని ఆట అతని చేత ఆడించారు. బల్లకి ఒక కొసన నిలబడి, తన చేత్తో గెలిచాడు, తన చేత్తో ఓడాడు. ఈ పిల్లలకి ఆ ఒక్కటీ లేకుండా చేసిన వాడుకకి ఇన్నేళ్ళుగా పలక మీద గెలుపు గుర్తులు పెట్టింది తన చెయ్యే.

చివరి విడత మొదలైంది. రెండు పోటీలు గెలిచిన జట్లు రెండూ ఒక బల్ల దగ్గర, రెండూ ఓడిన జట్లు ఇంకో బల్ల దగ్గర. ఆ రెండో బల్లకేసి ఎవరూ చూడటం లేదు. గౌరీశంకర్ ముందు వరసలో కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. తలుపులు మూసి, ఫ్యాన్లు లేని ఆ హాల్లో జనం చెమట, పులిహోర ఇంగువ వాసన కలిసి ఊపిరాడటం లేదు.

ఝాన్సీ మొదటి ఆట గెలిచింది. రెండో ఆటలో చిన్నారి మళ్ళీ ఓడింది. ఒకటీ ఒకటీ.

"మూడోది మనది," అంటూ గౌరీశంకర్ కుర్చీలో ముందుకి జరిగాడు. "నాలుగోది మొదలెట్టీండి మేష్టారూ."

ఝాన్సీ అప్పటికే బ్యాటు పట్టుకుని బల్ల దగ్గరికి వచ్చేసింది. మూడోది కలిస్తే రెండు. నాలుగోది ఝాన్సీ గెలుస్తుంది. మూడు. కప్పు. ఉస్మాన్‌కి ఆ లెక్క నోటికి వచ్చు. అతను అంపైరు కుర్చీలోంచి లేవలేదు.

"ఇఖ్రా, చిన్నతల్లి, రండమ్మా," అన్నాడు.

ప్రేమ్‌కుమార్ చెంగున లేచి, "అయ్యో, ఒద్దు మేష్టారూ, ఒద్దు. మీ అన్నం తిన్నాం. మూడోది మీకే కదా, మేవు ఒప్పుకుంటన్నాం," అన్నాడు.

"అన్నానికీ ఆటకీ ఏటండీ సంబంధం? పిల్లలు ఆడతారు."

"మేష్టారూ," అని ఝాన్సీ బల్ల అంచు పట్టుకుంది. "ఎందుకండీ? అది మనదే కదండీ!"

"నీ ఆట నీకుంది తల్లీ. కూర్చో."

గౌరీశంకర్ లేచి అంపైరు కుర్చీ దాకా వచ్చాడు. వంగి, ఉస్మాన్‌కి మాత్రమే వినబడేట్టు అన్నాడు: "ఏటి చేస్తన్నారో తెలుస్తందా మేష్టారూ?"

"తెలుస్తంది సార్," అన్నాడు ఉస్మాన్. నిజంగానే తెలుసు. ఉన్నపళంగా మాట వెనక్కి తీసుకుని నాలుగో ఆట పిలవాలని కూడా అనిపించింది. కానీ ఇఖ్రా అప్పటికే బల్లకి అవతల కొసన నిలబడి, చున్నీ నడుముకి చుట్టి ముడివేసుకుంటోంది. బెదిరిపోయి ఉంది. అయినా ఆ మొహంలో వెలుగు ఉంది. అతను ఎడమచేత్తో బంతి ఎత్తి చూపించి, చిన్నతల్లి వైపు దొర్లించాడు.

ఇద్దరికీ గట్టిగా కొట్టడం రాదు. బంతిని నెట్టు మీదుగా అవతలికి చేర్చడం ఒక్కటే వచ్చు. టక్, టక్ అని బంతి పోతూ వస్తూ ఉంది. పెద్ద ఆటగాళ్ళు రెండు దెబ్బల్లో తేల్చే పాయింటుకి వీళ్ళిద్దరూ ఊపిరి బిగబట్టుకుని అంతంతసేపు తీసుకుంటున్నారు. చూస్తున్నవాళ్ళు కూడా ఊపిరి బిగబట్టారు. గేముకి పదకొండు పాయింట్లు, మూడు గేములు గెలిచినవాళ్ళదే ఆట. మొదటి గేము ఇఖ్రా గెలిచింది. రెండోది చిన్నతల్లి. మూడోది ఇఖ్రా. అప్పుడు గౌరీశంకర్ మళ్ళీ కుర్చీలో కూర్చున్నాడు. ఉస్మాన్ గుండె ఒకవైపు మొగ్గింది. ఇఖ్రా గెలవాలి, గెలిస్తే అన్నీ నిలబడతాయి. ఆ కోరిక అతని నోట్లోంచి వచ్చే అంకెల్లో వినబడకూడదు. ప్రతి స్కోరూ ఒకే గొంతుతో చెప్పాడు. నాలుగో గేము చిన్నతల్లి గెలిచింది. రెండో బల్ల దగ్గర ఆడుతున్న పిల్లలు ఆట ఆపేసి ఇటు వచ్చి నిలబడ్డారు. వాళ్ళని ఎవరూ మందలించలేదు.

అయిదో గేము. తొమ్మిదీ తొమ్మిది. ఇఖ్రా బంతి నెట్టుకి తగిలి, అవతల పడుతుందా ఇవతల పడుతుందా అని తేలకుండా ఎగిరి, ఆమె వైపే పడింది. పది తొమ్మిది. చిన్నతల్లి చెమట చేతిని బల్ల మీద నెట్టు పక్కన తుడుచుకుంది. ఇఖ్రా సర్వీసు చేసింది. బంతి అటూ ఇటూ ఎన్నిసార్లు పోయిందో ఎవరూ లెక్కపెట్టలేదు. చివరికి ఇఖ్రా తోసిన బంతి బల్ల దాటి అవతల నేల మీద పడింది.

"పదకొండు తొమ్మిది. ఆట మాడుగులది," అన్నాడు ఉస్మాన్.

చిన్నతల్లికి గెలిచాక ఏం చేయాలో తెలియలేదు. వెళ్ళి ఇఖ్రా చెయ్యి పట్టుకుంది. నాలుగో ఆట ఝాన్సీ గెలిచింది, కసిగా, అవతలి పిల్లని ఊపిరి తీసుకోనివ్వకుండా. అయిదోది చిన్నారి చేతిలో పడింది. చిన్నారి రెండో విడత నుంచీ చేస్తున్నట్టే చేసింది, ఓడిపోయింది. మూడు రెండు. కప్పు మాడుగులది.

గౌరీశంకర్ నవ్వుతూనే కప్పు ఇచ్చాడు, నవ్వుతూనే ఫోటో దిగాడు. బస్సు దొరకదని మాడుగుల వాళ్ళు పరుగెత్తారు. వెళ్ళేముందు ప్రేమ్‌కుమార్ ఉస్మాన్ చేతులు రెండూ గట్టిగా పట్టుకుని వదిలేశాడు. చిన్నతల్లి గేటు దాకా పోయి వెనక్కి తిరిగి, "పదకొండు తొమ్మిది!" అని అరిచి మళ్ళీ పరుగెత్తింది.

హాలు ఖాళీ అయ్యాక గౌరీశంకర్ వరండాలో ఆగాడు. కేకలు వెయ్యలేదు. "తిన్నింటి వాసాలు లెక్కెట్టీసేరు మేష్టారూ," అన్నాడు.

ఉస్మాన్ తల వంచుకున్నాడు. ఆ మాట కోపంతో వచ్చింది కాదని అతనికి తెలుసు. ఆ మనిషి నిజంగా నొచ్చుకున్నాడు.

"రేపు బెంచీలొస్తాయి. మీ లెక్క చూడమని ఆఫీసులో సెప్తాను. ఓపాలి ఎప్పుడైనా రండి."

"సరే సార్," అన్నాడు ఉస్మాన్. ఎప్పటిలాగే సరే అన్నాడు. కానీ ఈసారి లోపల ఏదీ వంగలేదు. భయం మాత్రం ఉంది. జహీరున్నీసాకి ఏం చెప్పాలో, ఏ మాటతో మొదలుపెట్టాలో తెలియడం లేదు.

ఇఖ్రా మెట్ల మీద కూర్చుని ఉంది. కళ్ళు ఉబ్బిపోయాయి. ఝాన్సీ ఆమెతో మాట్లాడకుండా వెళ్ళిపోయిందట.

"నా వల్లే కదా మేష్టారూ? నానోడిపోబట్టే కదా మిమ్మల్ని పొమ్మన్నారు?"

ఉస్మాన్ ఒక మెట్టు కింద కూర్చున్నాడు. "ఎంత మీద ఓడిపోయేవమ్మా?"

"పదకొండు తొమ్మిది." వెంటనే వచ్చింది జవాబు. "నాలుగో గేము పదకొండు ఎనిమిది. మూడోది నానే గెలిచేను, పదకొండు ఏడు."

"మరి పొద్దున్న రెండాటలు గెలిచేవు కదా. ఆటి స్కోరెంత?"

ఇఖ్రా చాలాసేపు ఆలోచించింది, ఎక్కడో ఉండే ఉంటుందన్నట్టు. తర్వాత మొహం చున్నీతో తుడుచుకుంది.

"ఇంటికెళ్ళి మీ అమ్మకి ఓడిపోయిందే సెప్పు," అన్నాడు ఉస్మాన్. "అన్ని గేములూ సెప్పు."

ఆమె తల ఊపి లేచింది. గేటు దాకా మామూలుగా నడిచి, గేటు దాటాక పరుగు అందుకుంది.

అతను లోపలికి వచ్చి ఫ్యాన్ల స్విచ్చుల మీద కాగితం తీసేశాడు. ఒక ఫ్యాను వేసి, దాని కింద కాసేపు నిలబడ్డాడు. చెమట ఆరాక స్టోరు గదిలో స్టూలు మీద కూర్చుని బూట్లు విప్పి, సంచీలోంచి చెప్పులు తీసి తొడుక్కున్నాడు. ఫ్యాను ఆపి, తలుపు దగ్గరగా వేసి, అనకాపల్లి బస్సు వచ్చే వేళ అవుతోందని వరండాలో నడిచాడు, మధ్యలోంచి. వాచ్‌మన్ రేపు కలుద్దాం మేష్టారూ అంటే చెయ్యి ఊపాడు.

స్టోరు గదిలో స్టూలు కింద, రోజూ పెట్టే చోటే, తెల్ల కాన్వాసు బూట్ల జత అలాగే ఉండిపోయింది: మడమలు ఒక పక్కకి అరిగిపోయి, ఎడమదానికి లేసు బదులు పాత నెట్టు తాడు, దాని కొస విడిపోకుండా వేసిన చిన్న ముడి.